పోపా కొండ మీద తిట్టకూడదు

అగ్నిపర్వతం ఎలా ఉంటుందో చూడకుండానే రెండేళ్ళపాటు పిల్లలకి దాని గురించి పాఠం చెప్పిన ఘనత నాది. రంగూన్‌లో ఒక చిన్న ఆడపిల్లల బడిలో మూడో తరగతికి నేను టీచర్ని. నల్లబల్ల మీద ఒక త్రికోణం గీసి, దాని నెత్తిన నాలుగు వంకర గీతలు పొగలాగా పెట్టి, "లోపల నిప్పు, బయట రాయి" అని గంట గడిపేసేదాన్ని. ఒకరోజు ముందు వరసలో కూర్చునే పిల్ల ఒకతె లేచి, "టీచర్, మీరు చూశారా?" అని అడిగింది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. "నోర్మూసుకుని కూర్చో" అని గద్దించాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక, పిల్ల అడిగింది న్యాయమే కదా అనిపించి నా మీద నాకే ఒళ్ళు మండింది.

చూడాలంటే బర్మాలోనే పోపా అని పేరున్న కొండ ఉంది. ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం. తెల్లదొరలు టోపీలు పెట్టుకుని, చేతికర్రలు పట్టుకుని ఎక్కొస్తారని బడిలో పెద్ద టీచర్లు చెప్పుకునేవారు. బర్మావాళ్ళకి మాత్రం అది నాట్‌ల కొండ. నాట్‌లంటే మన గ్రామదేవతల్లాంటివాళ్ళు, అన్యాయంగా చచ్చిపోయి పూజలందుకునేవాళ్ళు. ఆ కొండకి దొర అయిన నాట్‌ని ఎవరో రాజు చెట్టుకు కట్టి కాల్చేశాడట. ఇప్పుడు అందరి ఇళ్ళకీ ఆయనే కాపలా. ఆ కాలిన ఒంటికి చల్లగా ఉంటుందని ప్రతి ఇంట్లోనూ ఆయన పేరున ఒక కొబ్బరికాయ వేలాడదీస్తారు. దాన్ని పగలకొట్టరు. లోపలి నీళ్ళే ఆయనకి మందు. మా ఇంట్లోనూ ఒక కాయ వేలాడుతూ ఉండేది.

మా ఇల్లంటే ఎలాంటిదో చెప్పాలి. నాన్న శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు పల్లె నుంచి పద్దెనిమిదేళ్ళప్పుడు ఓడెక్కి వచ్చాడు. రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసి మోసి, చివరికి ఒక కూలీల జట్టుకి మేస్త్రీ అయ్యాడు. అమ్మ బర్మా మనిషి. రంగూన్‌లోనే సంచౌంగ్ పేటలో ఆమె పుట్టింటివాళ్ళ చెక్క ఇంట్లోనే మేము ముగ్గురం ఉండేవాళ్ళం. నాకు తెలుగు అక్షరాలు నాన్నే నేర్పాడు. అమ్మకి తెలుగు మాటలూ ఆయనే నేర్పాడు కాబట్టి ఆమెది పక్కా రేవు తెలుగు.

అక్కడే వచ్చింది చిక్కు. నాన్నకి తిట్టు లేకుండా మాట రాదు. సంతోషమైనా తిట్టే, జ్వరమొచ్చినా తిట్టే, మనిషి మీద ప్రేమ పుడితే మరీ పెద్ద తిట్టు. జట్టులో ఎవరికైనా దెబ్బ తగిలితే వాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రి దాకా తిడుతూనే మోసుకెళ్ళేవాడు. వాటిలో ఏది తిట్టో ఏది మామూలు మాటో అమ్మకి చాలా ఏళ్ళు తెలీదు. ఒకసారి నాన్న ఊరి పెద్దమనిషి ఒకాయన మా ఇంటికి వస్తే, అమ్మ రెండు చేతులూ జోడించి, చాప వేసి, ఎంతో మర్యాదగా ఆయన్ని ఒక తిట్టుతో కూర్చోమంది. నాన్న పెరట్లోకి పారిపోయి పొట్ట పట్టుకుని నవ్వాడు. అమ్మ ఆ వారమంతా తెలుగు మాట్లాడలేదు.

ఆ ఏడాది నాన్నకి భుజం పట్టేసి రేవు పని మానేశాడు. ఇంతలో ఊళ్ళో ఉన్న అన్నగారి నుంచి ఉత్తరం వచ్చింది. "ముసలివాణ్ణయిపోయాను, ఒకసారి వచ్చి కనపడు" అని. జనవరి ఓడకి వెళ్తానన్నాడు నాన్న. ఆరు నెలలకే అన్నాడు.

ఆరు నెలలన్న మాట మా వీధిలో మంచి మాట కాదు. తెలుగు మొగుళ్ళున్న బర్మా ఆడవాళ్ళు అమ్మతో కలిపి ఐదుగురు ఉండేవారు. అందులో ముగ్గురి మొగుళ్ళు ఆరు నెలలకనే ఓడెక్కారు. ఒక్కడూ తిరిగి రాలేదు. ఒకడికి ఊళ్ళో ముందే పెళ్ళాం ఉందని తరవాత తెలిసింది. ఒకడు పొలం చూసుకుంటూ ఉండిపోయాడు. మూడోవాడి సంగతి ఇప్పటికీ ఎవరికీ తెలీదు. మా నాన్నకి అక్కడ పెళ్ళాం లేదు. కానీ పాతికేళ్ళుగా చూడని ఊరుంది, చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన అన్న ఉన్నాడు. పెళ్ళాం ఉంటే పోట్లాడొచ్చు, ఊరితో ఏం పోట్లాడతాం? అమ్మ భయం అదే. ఆ భయాన్ని ఆమె ఒక్కసారి కూడా పైకి అనలేదు.

"ఎల్లు," అంది. "ఓడెక్కే ముందర ఒక్కపాలి నాతో పోపా రా. ఇంటాయన దూరం ఎల్తే కొండ దొరకి సెప్పుకోవాల."

నాన్న సరేనన్నాడు. నేనూ వస్తానన్నాను. వాళ్ళిద్దరూ దేవుడికి చెప్పుకోవడానికి, నేను అగ్నిపర్వతం చూడ్డానికి. క్రిస్మస్ సెలవులు కలిసొచ్చాయి. పక్కవీధి ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ దగ్గర ఒక టోపీ అరువు తెచ్చుకున్నాను. చీర మీద ఆ టోపీ ఎలా ఉంటుందో అద్దం చూస్తే తెలిసింది కానీ, దొరసానిలా కొండెక్కాలన్న పట్టు ముందు అద్దం ఎంత?

పోపా వెళ్ళేవాళ్ళకి కట్టుబాట్లున్నాయి. పందిమాంసం తినకూడదు, వెంట తీసుకెళ్ళకూడదు. ఎర్రబట్ట, నల్లబట్ట కట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కొండ మీద బూతుమాట అనకూడదు. అంటే దొరకి కోపమొస్తుంది, దారి తప్పుతారు, వాన ముంచేస్తుంది. అమ్మ ఇవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతుంటే నాన్న ముఖం చూడాలి.

"అయితే నాను మూగోణ్ణయిపోవాలేటి?" అన్నాడు.

"రెండు రోజులు. నోరు మంచిదైతే ఊరు మంచిదని నువ్వే సెప్తావు కదేటి," అంది అమ్మ. ఆ సామెత ఆయన జట్టువాళ్ళకి చెప్పేవాడు, తిట్టు జోడించి.

కొండ దొర గుడిలో కట్టడానికి కొబ్బరికాయని సంచౌంగ్ బజారులో అమ్మ స్వయంగా ఏరింది. చెవి దగ్గర ఊపి నీళ్ళ చప్పుడు వింది, తొడిమ గట్టిగా ఉందో లేదో లాగి చూసింది. తొడిమ ఊడకూడదు, పగుళ్ళుండకూడదు, దారిలో నేల మీద పెట్టకూడదు. మోసే పని నాన్నది. ప్రోమ్ దాకా రైల్లోనూ, అక్కణ్ణించి ఐరావతి మీద రెండున్నర రోజులు స్టీమర్‌లోనూ, చమురు బావుల ఊరు దాటి దిగాక లారీలోనూ ఆ కాయ మా నాన్న ఒళ్ళోనే ఉంది. నిద్రపోతే రెండు చేతులతో పట్టుకుని నిద్రపోయేవాడు. బస్తాలు మోసినప్పుడు కూడా ఇంత జాగ్రత్త పడలేదని గొణిగేవాడు. స్టీమర్‌లో ఎవరో ముసలమ్మ ఆయన్ని చూసి, "చంటిబిడ్డ తండ్రిలా ఉన్నావు" అని నవ్వింది. అప్పటికింకా కొండ రాలేదు కాబట్టి నాన్న ఆమెకి తెలుగులో ఒక సమాధానం చెప్పాడు. ఆమెకి అర్థం కాకపోవడం మా అదృష్టం.

లారీలోంచి కొండ కనపడింది. చుట్టూ ఎండిపోయిన నేల, తాటిచెట్లు, దుమ్ము. దాని మధ్యన ఒక్కటే నీలంగా లేచి, నెత్తిన మబ్బు పెట్టుకుని ఉంది. నేను బల్ల మీద గీసిన త్రికోణమే. "అదిగో, అదిగో!" అని లారీలో లేచి నిలబడితే టోపీ ఎగిరి తాటితోపులో పడింది. డ్రైవరు ఆపలేదు. దొరసాని వేషం అక్కడితో సరి.

ఆ రాత్రి కొండ కింద సత్రంలో పడుకున్నాం. మబ్బు కమ్మకముందే పొద్దున పైకి ఎక్కి రావాలని, దిగాక స్నానం చేసి పూజ చేసుకోవచ్చని దారి చూపించే పల్లె మనిషి చెప్పాడు. అమ్మ కొండవైపు మోకరిల్లి ఎక్కడానికి సెలవు అడిగింది. నాన్న కాయని తుండుగుడ్డలో కట్టి వీపుకి తగిలించుకున్నాడు. సత్రంలో వదిలితే ఎవరైనా నేల మీద పెడతారని ఆయన భయం.

దూరపు కొండలు నునుపు. మొదట అడవి, దాని తరవాత రెల్లు, ఆపైన కాలు పెడితే జారిపోయే నల్లటి రాతి పొడి. రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కి. నలభై దాటిన అమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని మేకలా ముందు నడిచింది. నేను ప్రతి మలుపులోనూ ఇక చాలు, పాఠం పుస్తకంలోంచే చెబుతాను అనుకున్నాను. నాన్నకి జారినప్పుడల్లా నోరు తెరుచుకునేది, అమ్మ వెనక్కి తిరిగి చూసేది, నోరు మూసుకునేది. ఒకచోట ముల్లు గుచ్చుకుంటే ఆయన కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ముల్లు నొప్పికి కాదు, తిట్టు మింగలేక అని నా అనుమానం.

శిఖరం ఇంకో నలభై అడుగులు ఉందనగా అమ్మ కట్టుకున్న బర్మా లుంగీ కొమ్మకి తగులుకుని చిరిగింది. ఆమె ఎక్కడికి వెళ్ళినా రవికెలో సూదీదారం ఉంటుంది. అక్కడే రాయి మీద కూర్చుని కుట్టుకుంటూ మమ్మల్ని పొమ్మంది. నాన్నా నేనూ పైకి వెళ్ళి అంచు మీద నిలబడి లోపలికి తొంగిచూశాం.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. పెద్ద గొయ్యి, ఒకవైపు గోడ విరిగిపోయి ఉంది. అడుగున గడ్డి, చెట్లు, రెండు పిట్టలు. పొగ లేదు, నిప్పు లేదు.

"ఇదేటే, ఇదేనా నీ నిప్పుకొండ? నిప్పేదే?"

"ఆరిపోయింది నాన్నా. వేల ఏళ్ళయింది."

"ఆరిపోయినదాన్ని సూడ్డానికి ఇంత దూరం..." అని నోరు తెరిచి, మూసేశాడు. మెడ నరాలు ఉబ్బాయి. నాకు నవ్వాగలేదు. నన్ను చూసి ఆయనా నవ్వాడు. ఇద్దరం అంచు మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్నాం. కాసేపటికి ఆ గొయ్యి నాకు నచ్చసాగింది. ఇంత కొండనీ లోపలి నుంచి ఏదో తోసి బద్దలుకొట్టిందంటే పుస్తకంలో చదివినప్పుడు నేను నిజంగా నమ్మలేదని అప్పుడు తెలిసింది. చేతికందిన రాయి తీసి చూశాను, నిండా బెజ్జాలు, దూదిలా తేలిక.

నాన్న ఇంత శాంతంగా పక్కన కూర్చోవడం నాకు అలవాటు లేదు. మరెప్పుడు అడుగుతాను అనిపించింది. అడిగేశాను.

"నాన్నా, ఆరు నెలలకి నిజంగా వస్తావా?"

రంగూన్‌లో అయితే ఈ ప్రశ్నకి ఒక తిట్టు వచ్చేది. "నీ తలకాయ, రాకేం సేత్తాను" అని దానికి ముందూ వెనకా నాలుగు అలంకారాలు పెట్టి లేచిపోయేవాడు. మాకెవరికీ సమాధానం దొరికేది కాదు. ఇక్కడ ఆ దారి లేదు. ఆయన వీపు మీది కాయని ముందుకి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తెల్దే," అన్నాడు చివరికి. "వత్తాననే ఎల్తన్నాను. కానీ అక్కడ నేల మీద కాలెట్టినాక ఏటౌద్దో నాకే తెల్దు. మా అన్న నన్ను ఎత్తుకుని తిప్పినోడు. ఉండిపోరా అంటే నా నోట్లో మాటుండదు. అబద్దం సెప్పలేను, ఈ కొండ మీద అసలే సెప్పలేను."

నాకు ఆయన్ని ఆ గోతిలోకి తోసెయ్యాలన్నంత కోపం వచ్చింది, మెడ చుట్టూ చేతులు వేసి ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. వెనక్కి తిరిగితే అమ్మ పది అడుగుల దూరంలో నిలబడి ఉంది. లుంగీ కుట్టడం ఎప్పుడో అయిపోయింది. అంతా విన్నది.

"మబ్బు వత్తంది, దిగుదాం," అంది. దిగేటప్పుడు కూడా ఆమే ముందు నడిచింది.

నాట్‌ల గుడి కొండ మొదట్లో ఉంది. స్నానాలు చేసి మధ్యాహ్నానికి అక్కడికి చేరాం. చెక్కతో చేసిన దొర బొమ్మ, పక్కన ఆయన చెల్లెలి బొమ్మ, ముందు అరటిగెలలు, వేలాడదీసిన కాయల వరస. గుడి చూసుకునే ముసలావిడ ఒకామె చుట్ట కాలుస్తూ కూర్చుని ఉంది. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని పైకే చెప్పుకుంది, బర్మా మాటల్లో. నాన్నకి ఆ భాష బాగా వచ్చు.

"అయ్యా, ఇన్నేళ్ళూ మా ఇంటిని చూశావు. ఈయన సముద్రం దాటి తన ఊరు వెళ్తున్నాడు. ఓడ మీద ఈయనకి గాలి తగలకుండా చూడు. వాళ్ళ అన్నని బతికుండగా చూసేలా చూడు. భుజం నొప్పి తగ్గించు."

అంతే. తిరిగి పంపమని అడగలేదు. నేను ఎదురుచూశాను, ఆ మాట ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని. నాన్న కూడా ఎదురుచూశాడని ఆయన ముఖం చెప్పింది. అమ్మ మూడుసార్లు వంగి దణ్ణం పెట్టి, ఇక కాయ ఇమ్మన్నట్టు పక్కకి చూసింది.

నాన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. తుండుగుడ్డ విప్పాడు, కాయని కళ్ళకద్దుకున్నాడు, వంగి గుడి మెట్టుకేసి ఫెడీమని కొట్టాడు.

ప్రయాణం ముందర మనవాళ్ళు దేవుడి ఎదుట చేసేది అదే కదా. తాతల నాటి చెయ్యి అది, పాతికేళ్ళు బర్మా ఇంట్లో వేలాడే కాయ కింద తిన్నా మారలేదు. రంగూన్ నుంచి నేల తాకకుండా వచ్చిన కాయ రెండు ముక్కలై నీళ్ళన్నీ మెట్ల మీద పారాయి. అమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. నాన్న కళ్ళు తెరిచి తన చేతుల్లోకి చూసుకున్నాడు. నోరు తెరిచాడు. ఆయన జీవితంలో అతి పెద్ద తిట్టు ఆ క్షణాన గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

ముసలావిడ మాత్రం చుట్ట తియ్యకుండానే నవ్వింది. "ఏం పరవాలేదు. మీ దేశంవాళ్ళు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కొడుతూనే ఉంటారు. దొరకి అలవాటే. అదిగో ఆ కొట్లో కాయలున్నాయి, ఒకటి తెచ్చి కట్టండి," అంది.

కొట్టు ఇరవై అడుగుల దూరం. అమ్మ లేవబోయింది. నాన్న ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు. నలుగురి ముందు ఆయన ఆమె చెయ్యి పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"కూకో. కొట్లో కాయ వొద్దు," అన్నాడు. "మోసుకొచ్చిందాన్ని నాను పగలగొట్టినాను. మల్లీ నానే మోసుకొచ్చి కట్టాల. వచ్చే ఏడు, ఇదే నెల."

"ఎవరో ఒకరు కడితే సాలు," అంది అమ్మ. "ఆమె సెప్తంది కదా."

"ఆమె ఏటి సెప్పినా నాకనవసరం. ఎల్తాను, మా అన్నని సూత్తాను, వత్తాను. ఈయన ముందర సెప్తన్నాను."

తరవాత బొమ్మ వైపు తిరిగి అదే మాట బర్మా మాటల్లోనూ చెప్పాడు, ఒక్క తిట్టు లేకుండా, తప్పు చేసిన బడిపిల్లలా. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. కొండ పైన తెలీదన్నవాడు కొండ కింద మాటిచ్చాడు. నాకు నమ్మకం కలిగిందా అంటే లేదు. అమ్మ కొబ్బరి చెక్కలు ఏరి నాన్న తుండుగుడ్డలో మూటకట్టుకుంది. కొండ సరిహద్దు దాటి లారీ ఎక్కాక, చక్రం గోతిలో పడి తల పైకప్పుకి కొట్టుకోగానే, నాన్న రెండు రోజులుగా దాచుకున్నవన్నీ ఒకేసారి డ్రైవరు మీద దించాడు. అమ్మ అంతగా నవ్వడం ఆ ప్రయాణంలో అదొక్కసారే.

జనవరిలో ఓడెక్కాడు. ఏప్రిల్‌లో ఒక ఉత్తరం వచ్చింది, అన్నకి మంచం మీదే అన్నీ అవుతున్నాయని. జూలైకి ఆరు నెలలు నిండాయి. ఆగస్టు వానల్లో గడిచింది. సెప్టెంబర్ కూడా పోయింది, ఉత్తరం లేదు. వీధిలో ఆ ముగ్గురు ఆడవాళ్ళూ అమ్మతో మరీ మంచిగా మాట్లాడడం మొదలుపెట్టారు. కూర వండితే గిన్నెలో పెట్టి పంపేవారు. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు గిన్నె వెనక్కి పంపేశాను. అమ్మ నన్ను కేకలేసి, తానే వెళ్ళి తెచ్చుకుని తింది. అమ్మ ముందు నేను నాన్నని తిట్టాను, ఆయన నేర్పిన మాటలతోనే. ఆమె వినిపించనట్టు బట్టలు మడత పెట్టుకుంది. ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదు. ఆమెకి గుండె రాయి అని కూడా అనుకున్నాను, ఆ సిగ్గు నాకు ఇంకా ఉంది.

నవంబర్ మొదట్లో ఒక ఉదయం నాన్న పాత జట్టులో పనిచేసే మనిషి ఒకడు రొప్పుకుంటూ వచ్చాడు. "మేస్త్రీ దిగుతున్నాడు, విశాఖ ఓడ," అన్నాడు. బడి మానేశాను. అమ్మా నేనూ ట్రాములో రేవుకి వెళ్ళేసరికి డెక్కు జనం దిగుతున్నారు. నాన్నని ముందు పోల్చుకోలేకపోయాను. చిక్కిపోయాడు, తల గొరిగించుకుని ఉన్నాడు. అన్నకి కర్మ చేసి వచ్చాడని ఆ తల చూస్తేనే తెలిసింది. ట్రంకుపెట్టె కూలీకి ఇచ్చి, ఒక గుడ్డమూట మాత్రం గుండెకి ఆనించుకుని నడుస్తున్నాడు. మా దగ్గరికి వచ్చి దాన్ని అమ్మ చేతుల్లో పెట్టాడు. అన్నగారి పెరటి చెట్టు కాయ, తొడిమతో సహా. సముద్రమంతా ఒళ్ళో పెట్టుకు తెచ్చాడు.

అమ్మ దాన్ని పట్టుకుని నిలబడింది. ఒక్కసారిగా ఆ రేవు రాళ్ళ మీద కూలబడి, చుట్టూ జనం, కూలీలు, పెట్టెలు ఏవీ పట్టించుకోకుండా గొంతెత్తి ఏడ్చింది. పది నెలల ఏడుపు. నాన్న గాభరాగా నా వైపు చూశాడు, "ఏటే సూత్తావు, లేపు మీ యమ్మని," అన్నాడు. నేను కదల్లేదు. నేనూ ఏడుస్తున్నాను, పైగా ఆ అవస్థ ఆయనే పడాలనిపించింది.

"నువ్వు రావనుకున్నాను," అంది అమ్మ వెక్కిళ్ళ మధ్య. ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు.

నాన్న మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగి, ఆమె పక్కనే ఆ రాళ్ళ మీద చతికిలబడ్డాడు.

"నానూ అలగే అనుకున్నాను," అన్నాడు.